కాకి ముట్టని ముద్ద

కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచరమ్మాయిలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. రాజమండ్రిలో వాళ్ళకి ట్రైనింగు ఇచ్చే చోటు మా వీధికి దగ్గర. కాఫీ తాగుతూ, "పిల్లల్ని పట్టుకోవడం కష్టమాండీ మేడంగారూ, పై ఆఫీసర్లనా?" అని అడుగుతారు. రెండూ కాదమ్మా, ఆ పిల్లల వెనకాల వచ్చే ఇంటిల్లిపాదినీ పట్టుకోవడం కష్టం అంటాను. వాళ్ళు నవ్వుతారు. అలా నవ్వినప్పుడల్లా ఈ సంగతి చెప్పేద్దామని నోటి దాకా వస్తుంది. పెద్దావిడకి చాదస్తం ముదిరిందనుకుంటారని ఊరుకుంటాను. ఈసారి రాసేస్తున్నాను. నమ్మితే నమ్మండి, లేకపోతే మానెయ్యండి. నా పెన్షను నాకెలాగూ వస్తుంది.

నేను ఆఖరున పనిచేసిన బడి రావులపాలెం దగ్గర బస్సు దిగి, ఆటో ఎక్కి, కాలువ గట్టు వెంబడి పోతే వచ్చే ఒక పల్లెలో ఉండేది. రెండు గదులు, పొడుగాటి వరండా, వెనకాల వంటపాక. హెడ్మిస్ట్రెస్‌ని నేను. అసిస్టెంటుగా ఒక కుర్ర మాస్టారు. ఆయన సైన్సు పిచ్చోడు. నిమ్మకాయలు, దిష్టిబొమ్మలు కనిపిస్తే చాలు, ఉపన్యాసం మొదలుపెట్టేవాడు. నేనేమో లూథరన్ గుడిలో పెరిగినదాన్ని. దెయ్యాల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు గానీ, ప్రార్థన చేసుకోకుండా పడుకునే అలవాటూ లేదు.

మధ్యాహ్నం భోజనం వండే ఆవిడని పిల్లలందరూ 'మామ్మ' అనేవాళ్ళు. మేమూ అలాగే పిలిచేవాళ్ళం. మనిషి గట్టిది, నోరు ఇంకా గట్టిది. ఆవిడ మనవరాలు మా దగ్గరే రెండో తరగతి చదివేది. ఆ పిల్ల తల్లి గల్ఫ్‌కి వెళ్ళింది, ఇంటిపనికి. మా వైపు ఇది వింతేం కాదు. ప్రతి వీధిలోనూ ఒక తల్లి అక్కడ ఎవరో పిల్లలకి అన్నం కలిపి పెడుతుంటుంది, ఇక్కడ ఆవిడ పిల్లలకి వాళ్ళ మామ్మలు పెడుతుంటారు. తండ్రి మండపేటలో రైసుమిల్లు దగ్గర లారీలకి బస్తాలు ఎత్తేవాడు, ఆదివారం ఆదివారం వచ్చేవాడు. నెమ్మదస్తుడు. వాళ్ళమ్మ ముందు నోరెత్తేవాడు కాదు.

ఆ తల్లి శుక్రవారం శుక్రవారం ఫోను చేసేది. శనివారం బడికి రాగానే ఆ పిల్ల, "మా అమ్మ నిన్న ఫోన్లో కనబడింది టీచర్" అని చెప్పాకే పలక తీసేది. శ్రావణమాసంలో ఆ ఫోను ఆగిపోయింది. తండ్రి ఎన్నిసార్లు చేసినా స్విచ్చాఫ్. పంపించిన ఏజెంటుని నిలదీస్తే, "ఇల్లు మారుంటారండి, అదే చేస్తుంది" అని తప్పుకున్నాడు. నేనూ కుర్ర మాస్టారూ కలిసి కలెక్టరాఫీసు గ్రీవెన్సులో అర్జీ పెట్టించాం. చూస్తామన్నారు. వాళ్ళు చూస్తూనే ఉన్నారు, పిల్ల మాత్రం శనివారం పూట మాట్లాడటం మానేసింది.

దసరా సెలవులకి ముందు తల్లిదండ్రుల సమావేశం పెట్టమని పైనుంచి ఆర్డరొచ్చింది. ఫోటోలు తీసి యాప్‌లో పెట్టాలి, ముగ్గుల పోటీలు, తాడాట అన్నీ ఉండాలి. మా కమిటీలో తల్లులు ఇంకోటి కలిపారు. పిల్లలు వాళ్ళ అమ్మల కాళ్ళు కడగాలట. వేరే ఊళ్ళో ఎక్కడో చేశారని ఫోన్లో చూశారట. ఊళ్ళో సగం మంది మా గుడివాళ్ళే కదా, వాళ్ళేమంటారోనని హిందూ తల్లులు నా మొహం చూశారు. "ప్రభువే శిష్యుల కాళ్ళు కడిగాడమ్మా, మనకేంటి నామోషీ? పసుపు రాసుకునేవాళ్ళు రాసుకోండి, ఒట్టి నీళ్ళు చాలనేవాళ్ళకి ఒట్టి నీళ్ళు" అన్నాను. అందరూ సరే అంటే సరే అనుకున్నారు.

ఆ రోజు వరండా పొడుగునా ప్లాస్టిక్ కుర్చీలు వేశాం. తల్లులు కూర్చున్నారు. తల్లి లేని పిల్లలకి అమ్మమ్మో, పిన్నో, పక్కింటావిడో కూర్చుంది. మా వంటావిడ మనవరాలి కోసం మామ్మనే కూర్చోమన్నాను. "పొయ్యి మీద సాంబారుందండీ, అది పొంగితే మీరొచ్చి దింపుతారా?" అని లోపలికి పోయింది. మాస్టారి భార్యని కూర్చోబెడదామని చూస్తుంటే, ఆ పిల్ల ఒక కుర్చీ ఈడ్చుకొచ్చి వరస చివర వేసింది.

"ఎవరికమ్మా?" అన్నాను.

"మా అమ్మకి టీచర్."

పక్కనున్న తల్లి ఒకావిడ చీర చెంగు నోట్లో కుక్కుకుంది. పోనీలే, చేసుకోనీ అనిపించింది. ఆ పిల్ల ఖాళీ కుర్చీ ముందు స్టీలు పళ్ళెం పెట్టింది. చెంబుతో నీళ్ళు పోసింది. తర్వాత రెండు చేతులూ పళ్ళెం మీద గాల్లో ఉంచి, మడమ ఎక్కడుంటుందో, వేళ్ళు ఎక్కడుంటాయో సరిగ్గా అక్కడ రుద్దడం మొదలుపెట్టింది. తొందరేమీ లేదు. ఒక పాదం అయ్యాక రెండోది. మిగిలిన పిల్లలు కిలకిలలాడుతూ నీళ్ళు చిమ్ముకుంటున్నారు, ఆ చివర మాత్రం చప్పుడు లేదు. గౌను అంచుతో తుడిచి, వంగి దణ్ణం పెట్టుకుంది.

నేను మొహం అటు తిప్పుకున్నాను. అంతలో మూడో తరగతి పిల్ల ఒకతి, "టీచర్, ఎవరో తడికాళ్ళతో నడిచారు!" అని అరిచింది.

చూశాను. ఆ పళ్ళెం దగ్గర మొదలయ్యాయి. సిమెంటు నేల మీద తడి పాదాల అచ్చులు, పెద్దవాళ్ళవి, ఒకదాని తర్వాత ఒకటి, వరండా దాటి, మెట్లు దిగి, ఇసుకలో పడేదాకా ఉన్నాయి. ఇసుకలో ఏమీ లేదు. తల్లులందరూ కుర్చీల్లోనే ఉన్నారు, కాళ్ళు పళ్ళాల్లోనే ఉన్నాయి. ఎవరైనా లేచారా అని అడిగాను. లేవలేదన్నారు. మాస్టారు గట్టిగా, "ఎవరో ఒకరు లేచే ఉంటారండీ, ఆలోచించండి!" అన్నాడు. ఆలోచించి కూడా లేవలేదనే చెప్పారు.

ఈ గొడవ విని మామ్మ గరిటె పట్టుకుని బయటికొచ్చింది. అచ్చుల దగ్గర వంగింది. గరిటె కింద పడింది.

"అయ్యబాబోయ్! ఎడంకాలు చూడండి టీచర్‌గారండీ. చిటికెనేలు ఆనలేదు. మా కోడలికి కొడవలి తెగిన కాలండీ అది. ఆ వేలు నేలకానదండీ!"

చిటికెన వేలి గుర్తు లేని మాట నిజమే. నేనూ చూశాను. ఎండకి ఒక్కొక్కటే ఆరిపోతుంటే అందరం అలా నిలబడి చూశాం తప్ప ఎవరం కదల్లేదు. తుడిచెయ్యవే అంటే స్వీపరమ్మ నా మొహం చూసి చీపురు గోడకానించేసింది. చివరికి నేనే గుడ్డ తీసుకుని తుడిచాను. నేల చల్లగా ఉంది, అంతే. నేను తుడిచిందే తుడిచానని మాస్టారు తర్వాత స్టాఫ్ అందరికీ చెప్పాడు. మా స్టాఫంటే నేనే కాబట్టి నాకే చెప్పాడు.

ఆ సాయంత్రం ఆయన ఫోను పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. అచ్చుల ఫోటో తీశాడట. "అప్‌లోడ్ చెయ్యమంటారా మేడం?" అన్నాడు. "యాప్‌లో ఏ కాలమ్ కింద పెడతావయ్యా, హాజరైన తల్లుల్లోనా?" అన్నాను. నవ్వలేదు. నా ముందే డిలీట్ కొట్టి, అది పోయిందో లేదో మళ్ళీ మళ్ళీ చూసుకున్నాడు. నిమ్మకాయల ఉపన్యాసం ఆ తర్వాత ఆయన నోట ఎప్పుడూ వినలేదు.

సెలవుల్లో పిల్లకి జ్వరం వచ్చింది. ఊళ్ళో ఇక చెప్పాలా! తల్లి అక్కడ పోయిందన్నారు, కాళ్ళు కడిగించుకోవడానికి వచ్చి వెళ్ళిందన్నారు, కర్మ జరగలేదు కాబట్టి తిరుగుతోందన్నారు, అలా వదిలేస్తే పిల్లని తీసుకుపోతుందన్నారు. ఈ ఆఖరి మాట దగ్గరే మామ్మకి గుండె జారిపోయింది. జ్వరం మాత్రలకి తగ్గింది గానీ, ఆవిడకి పట్టిన భయం తగ్గలేదు. దీపావళి వెళ్ళాక, కార్తీకంలో కాలవ రేవు దగ్గర కర్మ చేయించడానికి ముహూర్తం పెట్టేసింది.

నాకు తెలిసి ఆవిడ ఇంటికి పోయాను. "బతికుందో లేదో తెలీని మనిషికి కర్మేంటమ్మా? శవం చూశావా, కబురొచ్చిందా?" అని గట్టిగానే అరిచాను. కోపమొస్తే నాకు గొంతు ఆగదు.

"గుర్తు చూశాను కదండీ. మీరూ చూశారు కదండీ" అంది.

అక్కడితో నా గొంతు తగ్గించాను.

"మీరు మీ గుళ్ళో ప్రార్థన చేయించండి టీచర్‌గారండీ, కాదన్ను. మా పద్ధతి మాకుంది కదండీ. నాకు కోడలు పోతే పోయింది, పిల్ల దక్కాలి. నా బాధ అదొక్కటేనండీ." ఏడుస్తూ అన్న మాట. కొడుకు అరుగు మీద కూర్చుని ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఉన్నాడు. స్విచ్చాఫ్ అని చెప్పే ఆడగొంతు నాకు కూడా వినిపించింది. అది అయిపోగానే మళ్ళీ నొక్కాడు.

కర్మ రోజున నేను వెళ్ళకూడదనుకున్నాను. పిల్లని కూడా తీసుకెళ్తున్నారని తెలిసి వెళ్ళాను. ఆ వేళ కాలవ మీద మంచు విడలేదు. సార్వా వరి కోతలు మొదలయ్యాయి, దూరంగా చేలల్లో మిషను చప్పుడు వస్తోంది గానీ మిషను కనబడటం లేదు. కర్మ చేయించే పంతులుగారు కూడా ఇష్టంగా లేరు. కనబడని మనిషికి ఏళ్ళ తరబడి ఆగాలమ్మా అని చెప్పి చూశారట. మామ్మ వినలేదు. ఆయన మంత్రాలు తొందర తొందరగా చెప్పేశారు. పిండాలు అరిటాకులో పెట్టి గట్టు మీద ఉంచి, అందరూ దూరంగా జరిగారు. కాకి వచ్చి ముట్టాలి. ముడితే, పోయిన మనిషి తృప్తి పడినట్టు లెక్క. ఇది మీకు నేను చెప్పక్కర్లేదు.

కాకులు వచ్చాయి. రాకపోయుంటే అదొక రకం. తుమ్మచెట్టు నిండా, కరెంటు తీగల నిండా వచ్చి వాలాయి. మామూలుగా అయితే ఆ రేవులో ఇడ్లీ ముక్క పడేస్తే కొట్టుకు చస్తాయి. ఆ రోజు అరవలేదు కూడా. ఒక కాకి దిగి ఆకు అంచు దాకా నడిచింది, మెడ పక్కకి వంచి ముద్ద వైపు చూసింది, అలాగే వెనక్కి నడుచుకుంటూ పోయింది. ఎగరలేదు, నడిచింది. ఇంకోటి దిగి అదే పని చేసింది.

మనవాళ్ళ అలవాటు ఏంటంటే, కాకి ముట్టకపోతే పోయినవాళ్ళ మనసులో ఏదో మిగిలిందనుకుని ఒక్కొక్కరే మాటిస్తారు. మామ్మ చేతులు జోడించి, "నీ కూతుర్ని కళ్ళల్లో పెట్టుకు చూసుకుంటానే తల్లీ, ముట్టుకోవే" అంది. కాకులు కదల్లేదు. తండ్రి ముందుకొచ్చి, "ఇంక తాగనే, ఒట్టు" అన్నాడు. ఆయన తాగుతాడని కూడా నాకప్పటిదాకా తెలీదు. బంధువులు ఎవరికి తోచింది వాళ్ళు ఒప్పుకున్నారు. మధ్యాహ్నం దాకా మాటలిస్తూనే ఉన్నారు. అన్నం ఎండిపోయి పెచ్చులు కట్టింది.

పిల్ల నా పక్కన నా చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. ఏడవలేదు. కాసేపటికి నెమ్మదిగా, "మా అమ్మ చచ్చిపోలేదుగా టీచర్. వాటికి తెలుసు" అంది.

చుట్టూ ఉన్నవాళ్ళు విన్నారు. మామ్మ వచ్చి ఆ పిల్ల నోరు మూసేసింది. కోపంతో కాదు, పైవాడు వింటాడని భయం. చివరికి పంతులుగారే ముద్దలు కాలవలో వదిలించేసి, చేతులు కడుక్కుని, దక్షిణ కూడా అడక్కుండా సైకిలెక్కి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత పరిస్థితి ఇంకా చెడింది. తృప్తి పడకుండా పోయిన మనిషి ఆకలితో తిరుగుతుందని ఊరంతా నిర్ణయించేసుకుంది. వీధి గుమ్మాలకి వేపమండలు కట్టారు. వంట రుచి చూడటానికి వంతుల ప్రకారం రోజుకొక తల్లి రావాలి, ఒంటరిగా రామని ఇద్దరిద్దరు రావడం మొదలుపెట్టారు. ఆ చివరి కుర్చీలో ఎవరూ కూర్చోకపోతే, పిల్లల ముందు ఇదేం పిచ్చి అని నేనే కూర్చున్నాను. ఏమీ కాలేదు. అయితే ఏదో పని గుర్తొచ్చినట్టు తొందరగా లేచాననే మాట ఒప్పుకోవాలి.

వీటన్నిటికంటే నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఆ పిల్ల. బళ్ళో అన్నం ముట్టుకోవడం మానేసింది. వరసలో కూర్చునేది, పళ్ళెం ముందు పెట్టుకునేది, మామ్మ గరిటెతో రాగానే పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టేది. "అమ్మకి పిండం పెట్టిన చేత్తో నాకొద్దు" అనేది. ఇంటి దగ్గర తండ్రి వచ్చినప్పుడు ఏదో కాస్త తినేదట. మిగతా రోజులు పక్కింటివాళ్ళు జాలిపడి పెడితే తిన్నట్టు, లేకపోతే లేదు. బుగ్గలు లోపలికి పోయాయి. మామ్మ వంటపాకలో పొయ్యి ముందు కూర్చుని, "నేను దాని కోసమే చేశానండీ, దాని కోసమే కదండీ" అని గొణుక్కునేది. నేను ఇంటి నుంచి డబ్బా తెచ్చి పిల్లకి పెట్టబోయాను. ముద్ద అందుకుని, దాన్ని చూస్తూ కూర్చుంది. నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఈ పిల్లని అవతలి నుంచి తల్లి తీసుకుపోనక్కర్లేదు, మనమే పంపించేస్తున్నాం అనిపించింది.

అలా ఉండగా, పొద్దుట్నించీ వాన పట్టిన రోజొకటి వచ్చింది. కార్తీకంలో వచ్చే వాన, కోసిన వరి తడుస్తుందని ఊరంతా పొలాల్లో ఉంది. బళ్ళో మేమూ, పిల్లలూ, మామ్మా, రుచి చూడటానికి వచ్చిన ఇద్దరు తల్లులూ. వరండాలో పిల్లల్ని బారుగా కూర్చోబెట్టి పప్పూ అన్నం వడ్డిస్తున్నారు. వాన చప్పుడుకి పక్కవాళ్ళ మాట కూడా వినబడటం లేదు.

గేటు తోసుకుని ఒక మనిషి లోపలికి వచ్చింది. గొడుగు లేదు. ఒళ్ళంతా కప్పే పొడుగాటి నల్లటి గౌను, అది ఒంటికి అంటుకుపోయి ఉంది. చేతిలో సంచీ కూడా లేదు. మెట్లెక్కి, వరండా చివర, పిల్లల వరసలోనే, గోడకానుకుని చతికిలపడింది. మొహం ఎముకలే మిగిలాయి. ఆవిడ నడిచి వచ్చిన దారిలో నేల మీద తడి అచ్చులు పడ్డాయి. నేను అటు చూడలేదు. చూడకూడదని పట్టుపట్టి చూడలేదు.

రుచి చూడటానికి వచ్చిన తల్లుల్లో ఒకావిడ గ్లాసు వదిలేసి క్లాసురూములోకి పరిగెత్తింది. రెండో ఆవిడ గోడకి కరుచుకుపోయింది. మాస్టారు నా వెనక్కి వచ్చాడు. సైన్సు చదివిన మనిషి.

ఆ మనిషి తలెత్తింది. "అత్తా, ఆకలేస్తోంది. అన్నం పెట్టు" అంది.

మామ్మ చేతిలో అన్నం గిన్నె ఉంది. వెనక్కి అడుగు వేయలేదు, ముందుకీ రాలేదు. నేను అంతకు ముందెప్పుడూ వినని సన్నటి గొంతుతో, "పెట్టాను కదే తల్లీ. రేవు దగ్గర పెట్టాను కదే. కాకి ముట్టకపోతే నేనేం చెయ్యను? నన్ను తీసుకుపో, పిల్ల జోలికి రాకు" అంది.

"కాకేంటత్తా?" అంది ఆ మనిషి. ఏమీ అర్థం కానట్టు అందరి మొహాలూ చూసింది. ఆవిడ ఎటు చూస్తే అటువైపు పిల్లలు వెనక్కి జరిగారు.

జరగని పిల్ల ఒక్కతే. తన పళ్ళెం తీసుకుని లేచింది. ఎన్నాళ్ళ నుంచో చెయ్యి అడ్డం పెట్టిన ఆ పళ్ళాన్ని తిన్నగా తీసుకెళ్ళి మామ్మ ముందు చాపింది.

"పెట్టు మామ్మా."

మామ్మ నా వైపు చూసింది. నేను తలూపాను. గిన్నెలో గరిటె తగిలి టకటకలాడింది. అన్నం పడింది, దాని మీద పప్పు పడింది. పిల్ల ఆ పళ్ళెం రెండు చేతులా పట్టుకుని వెళ్ళి ఆ మనిషి ముందు పెట్టి, ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆవిడ కలిపింది. మొదటి ముద్ద పిల్ల నోటి దగ్గర పెట్టింది. పిల్ల తిని, "నువ్వు తిను" అంది. అప్పుడు ఆవిడ తింది. మేమందరం ఆ గొంతు వైపే చూస్తున్నాం. గొంతు కదిలింది. ముద్ద దిగింది.

"మింగింది" అంది మామ్మ. "మింగిందండీ టీచర్‌గారండీ!"

ఎలా వచ్చిందో తర్వాత తెలిసింది. అక్కడ ఆ ఇంటివాళ్ళు ఫోను లాగేసుకుని, పాస్‌పోర్టు దాచేసి, గది దాటనివ్వలేదట. ఎలాగో తప్పించుకుని మనవాళ్ళ ఎంబసీకి చేరితే, చాలా రోజులు అక్కడ ఉంచి, విమానం ఎక్కించారట. హైదరాబాదు నుంచి ఎవరో పుణ్యాత్ములు రైలు టిక్కెట్టు కొనిచ్చారు. రాజమండ్రిలో దిగాక చేతిలో చిల్లిగవ్వ లేదు. అరటిగెలల లారీ ఒకటి రావులపాలెం దాకా ఎక్కించుకుంది. అక్కడ్నించి వానలో నడుచుకుంటూ వచ్చింది. ఇంటికి తాళం వేసుంటే అత్త బళ్ళో ఉంటుందని ఇటు వచ్చింది. తినక రెండు రోజులైందట. ఆ కాళ్ళ సంగతి మాత్రం నేను ఆవిడని అడగలేదు. తర్వాత ఎన్నోసార్లు ఎదురుగా కూర్చుని టీ తాగాం. ఒకసారి నోటి దాకా వచ్చింది, ఆవిడ కప్పు కింద పెట్టి నా వైపు చూసింది, నేను మాట మార్చేశాను. మీరైతే అడిగేవారేమో. నాకు తెలుసుకోవాలని లేదు.

కానీ ఆ మధ్యాహ్నం ఇవేవీ మాకు తెలీవు. మింగిందని తెలిసింది, అంతే. క్లాసురూములో దాక్కున్న ఆవిడ తలుపు సందులోంచి తొంగి చూస్తోంది. మామ్మ మాత్రం ఇంకా ఆ దూరాన్నే నిలబడి ఉంది. మింగినంత మాత్రాన సరిపోతుందా అన్నట్టు ఉంది ఆవిడ మొహం.

కోడలు ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుంది. నములుతూ, మొహం చిట్లించి, తలెత్తకుండానే, "ఉప్పు చాల్లేదత్తా" అంది.

"ఏంటీ?" అంది మామ్మ.

"పప్పులో ఉప్పు చాల్లేదు. చిన్నపిల్లలకి పెట్టేది, రుచి చూసుకోవద్దా?"

మామ్మ మొహంలో రంగు మారింది. "వచ్చీ రాగానే మొదలెట్టావా? ఇంతమంది పిల్లలు తింటున్నారు, ఒక్కళ్ళు వంక పెట్టలేదు. నువ్వొక్కదానివే దొరికావు నాకు!" అని గయ్యిమంది. అలా అరుస్తూనే వంటపాకలోకి పోయింది, అరుస్తూనే తిరిగొచ్చింది. గుప్పిట్లో ఉప్పుంది.

ఉప్పు చేతికి ఇవ్వకూడదు. ఇస్తే తగువులొస్తాయని మా వైపు పసిపిల్లని అడిగినా చెబుతుంది. ఆవిడ మా కుర్ర మాస్టారికి కూడా ఎప్పుడూ చేతికిచ్చిన మనిషి కాదు, కింద పెట్టి తీసుకోమనేది. ఆ రోజు కోడలి ముందు కూలబడి, ఆ ఎండిపోయిన అరచెయ్యి లాక్కుని, ఉప్పంతా అందులోనే పోసేసింది. పోశాక ఆ చెయ్యి వదల్లేదు. ఎంత సేపటికీ వదల్లేదు. పిల్ల పళ్ళెం దగ్గరికి లాక్కుని తనంతట తను తినడం మొదలుపెట్టింది.